గైడు బాబు ఒరియాలో చెప్పినవి, తెలుగులో చెప్పనివి

ఒరిస్సాలోని బరంపురంలో పెరిగినవాళ్ళకు ఏ సంగతైనా రెండుసార్లు వినడం అలవాటే. ఠాకురాణి యాత్ర రోజుల్లో మైకులో తప్పిపోయిన పిల్లల ఆనవాళ్ళు చెప్పినా, బజారులో కొత్త దుకాణం గురించి రిక్షా మీద చాటింపు వేసినా ముందు ఒరియాలో, వెంటనే తెలుగులో. మాకు రెండూ వచ్చు కాబట్టి ఒకసారి వినేసి, రెండోసారి చెప్పేటప్పుడు పక్కవాళ్ళతో కబుర్లలో పడేవాళ్ళం. రెండోసారి చెప్పేది మొదటిసారి చెప్పిందే అయి ఉండనవసరం లేదని నాకు తెలిసింది ఎనభైల నడుమ, ఒక డిసెంబరు ఆదివారం నాడు, బస్సులో.

ఆ రోజుల్లో చలికాలం వచ్చిందంటే ఒక ప్రైవేటు బస్సు వాళ్ళు ఆదివారాల్లో ఒక్కరోజు యాత్రలు నడిపేవారు. ఒక వారం పడమరగా దిగపహండి మీదుగా తప్తపాణి వేడినీటి బుగ్గకూ, చంద్రగిరిలో 1963 నుంచి స్థిరపడిన టిబెటన్ల పల్లెలకూ. మరో వారం ఉత్తరంగా తారాతారిణి, జౌగఢ, గంజాం కోట, చివర రంభ దగ్గర చిలికా. తప్తపాణి బస్సుకు గిరాకీ ఎక్కువ. గంధకం వాసన వేసే ఆ నీళ్ళలో మునిగితే కీళ్ళనొప్పులు పోతాయని పెద్దవాళ్ళ నమ్మకం, టిబెటన్ల దగ్గర స్వెట్టర్లు చవక అని ఆడవాళ్ళ నమ్మకం. మేము ఎక్కింది రెండోది, ఎందుకంటే నాయనమ్మకు తారాతారిణి మొక్కు ఉంది. మా తమ్ముడికి చిన్నప్పుడు కామెర్లు వచ్చినప్పుడు మొక్కిన మొక్కు. వాడు ఐదో తరగతికి వచ్చినా తీరలేదు.

నాయనమ్మ పుట్టిల్లు ఇచ్ఛాపురం. పెళ్ళయి బరంపురం వచ్చిన కొత్తల్లోనే, 1936 ఏప్రిల్ 1న, మద్రాసు రాజధాని నుంచి గంజాం జిల్లాలో ఎక్కువ భాగాన్ని విడదీసి కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిపారు. ఇచ్ఛాపురం మద్రాసు వైపే ఉండిపోయింది. "పుట్టిల్లు ఒక రాష్ట్రం, అత్తిల్లు ఒక రాష్ట్రం అయ్యాయి. నేను మాత్రం ఎప్పుడూ ఎక్కే రైలే ఎక్కాను" అనేది. ఆవిడ ఒరియా మా అందరికంటే మెరుగు. కూరగాయలవాళ్ళతో బేరం ఒరియాలో, దేవుడితో బేరం తెలుగులో.

తెల్లవారక ముందే బస్టాండు చేరాం. అక్కడి హోటల్లో ఇడ్లీ మీద ఘుగుని పోసి ఇచ్చారు. ఉడికించిన బఠాణీల కూర అది. ఇడ్లీకి చట్నీ, సాంబారు తప్ప మరొకటి ఎరగని ఆంధ్రా బంధువులు ఈ మాట చెబితే మొహం చిట్లిస్తారు. తిన్నాక చిట్లించినవాళ్ళను నేను చూడలేదు. దానికి తోడు అమ్మ కట్టి తెచ్చిన పులిహోర, మా ఊరి అప్పడాలు, ఆవకాయ. బరంపురం అనగానే లోకానికి పట్టు చీర గుర్తొస్తుంది గాని, ఊరి పరువును నిజంగా మోసేవి అప్పడాలూ పచ్చళ్ళూ అని నా అభిప్రాయం. బస్సులో సగం మంది ఒరియావాళ్ళు, సగం మంది తెలుగువాళ్ళు. తెలుగువాళ్ళలో మాలాంటి స్థానికులు కొందరైతే, విజయనగరం నుంచి వియ్యాలవారింటికి వచ్చిన ఒక పెద్దాయన కుటుంబం కూడా ఉంది. ఆయన కండువా మడత చెదరకుండా కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆయన సంగతి తర్వాత వస్తుంది.

గైడును అందరూ గైడు బాబు అనేవారు. సన్నగా, పొడవుగా, తెల్ల చొక్కాతో, చేతిలో ఎండకూ వానకూ కాక చూపించడానికే ఉన్న గొడుగుతో ఉండేవాడు. మనిషి ఒరియా. తెలుగు మాత్రం మా వీధిలో పుట్టినట్టే మాట్లాడేవాడు. నాయనమ్మను చూడగానే "రండి, మాఉసీ" అని చెయ్యి పట్టి ఎక్కించి, అమ్మ వైపు తిరిగి "అమ్మగారూ, పిల్లలను కిటికీ లోపలే ఉంచండి" అన్నాడు. డ్రైవరు వెనక నిలబడి ముందు ఒరియాలో చెప్పేవాడు. అది అయ్యాక గొడుగు చేతులు మార్చుకుని తెలుగులో మొదలుపెట్టేవాడు.

రుషికుల్య ఒడ్డున కుమారి కొండ మీద తారాతారిణి గుడి. మెట్లు తొమ్మిది వందల తొంభై తొమ్మిది అని గైడు బాబు చెప్పాడు. నాయనమ్మ లెక్కపెడుతూ ఎక్కింది, నడుమ ఒకరు పలకరించేసరికి లెక్క పోయింది, దిగేటప్పుడు మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ పోయింది. చైత్ర మాసం మంగళవారాల్లో ఇక్కడ జరిగే జాతరకు లక్షల్లో జనం వస్తారు. శ్రీకాకుళం వైపు నుంచి తెలుగువాళ్ళూ వచ్చి పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయిస్తారు. మేము వెళ్ళింది మామూలు రోజు కాబట్టి మంగలి తీరిగ్గా, మా తమ్ముడు ఏడుస్తూ ఉండగా, పని పూర్తి చేశాడు. గర్భగుడిలో అమ్మవార్లు రెండు శిలలు. వాటికే బంగారు, వెండి ముక్కులూ కళ్ళూ నగలూ పెట్టి అలంకరిస్తారు. చీకట్లో ఆ రెండు జతల కళ్ళు ఒక్కసారి కనబడితే చాలా కాలం మరచిపోలేం.

గుడి వెనక నిలబడితే కింద రుషికుల్య వంపు తిరిగి కనబడుతుంది. డిసెంబరులో నీళ్ళు తక్కువ, ఇసుక ఎక్కువ. అక్కడ గైడు బాబు ఒరియాలో రెండు కథలు చెప్పాడు. ఖరిడా గ్రామంలో పిల్లలు లేని ఒక బ్రాహ్మణుడి ఇంట ఇద్దరు అక్కచెల్లెళ్ళు పెరిగి, ఒకనాడు మాయమై, ఈ కొండ మీద ఉన్నామని కలలో చెప్పారన్నది ఒకటి. పూర్వం సముద్ర వ్యాపారానికి వెళ్ళే సాధబలు ఈ తల్లులకు దండం పెట్టుకునే నావ ఎక్కేవారన్నది రెండోది. తర్వాత గొడుగు చేయి మారింది. తెలుగులో మాత్రం దక్షయజ్ఞం, సతీదేవి దేహం ముక్కలై పడడం, ఇది స్తనపీఠం కావడం. ఆ ఇద్దరు ఆడపిల్లలూ లేరు, నావలూ లేవు.

నాకు అప్పుడేమీ అనిపించలేదు. మరచిపోయి ఉంటాడని అనుకున్నాను.

రుషికుల్య దాటి జౌగఢ వెళ్ళేసరికి ఎండ ముదిరింది. కోట అంటే మేము గోడలూ బురుజులూ ఊహించుకున్నాం. అక్కడ ఉన్నవి చేల నడుమ పొడుగ్గా సాగిన మట్టి గట్లు. "ఇదేనా కోట?" అన్నాడు గుండు తమ్ముడు, గుండు మీద గంధం ఆరకముందే. నిజానికి ఆ గట్లే కోట. దాదాపు చతురస్రంగా ఉన్న ఊరి చుట్టూ పోసిన మట్టి ప్రాకారం. 1956లో దేబలా మిత్రా ఆధ్వర్యంలో పురావస్తు శాఖ వాళ్ళు తవ్వితే విద్ధాంక నాణేలు, అంటే గుర్తులు కొట్టిన పాతకాలపు నాణేలు, పూసలు దొరికాయి. నడుమ ఒక నల్లటి బండ, దానికి పైకప్పు, చుట్టూ ఇనుప చట్రం. చట్రంలోంచి మొహం దూర్చి చూస్తే బండ మీద మూడు పలకలుగా చెక్కిన అక్షరాలు. మొదటి పలక సగానికి సగం పెచ్చులు ఊడిపోయింది. మిగిలినవి కూడా ఎండ ఏటవాలుగా పడినప్పుడే బాగా కనిపిస్తాయి. మేము వెళ్ళింది ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు.

గైడు బాబు గొంతు ఇక్కడ మారింది. ఒరియాలో చాలాసేపు చెప్పాడు. ఈ ఊరి పేరు అప్పట్లో సమాపా. అశోకుడు కళింగను గెలిచాక ఇక్కడి మహామాత్రులను, అంటే పెద్ద అధికారులను, ఉద్దేశించి చెక్కించిన ఆజ్ఞలు ఇవి. అంతటా వేయించిన పద్నాలుగు శాసనాల్లో పదకొండు, పన్నెండు, పదమూడు ఇక్కడ లేవు. వాటి స్థానంలో కళింగకే ప్రత్యేకంగా రెండు శాసనాలు వేయించాడు. భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ అంతే. మొదటి దాంట్లో, మనుషులందరూ నా బిడ్డలే, నా బిడ్డలకు ఇహపరాల్లో ఏ మేలు కోరుకుంటానో అందరికీ అదే కోరుకుంటాను అంటాడు. అకారణంగా ఎవరినీ చెరలో వేయవద్దని, హింసించవద్దని అధికారులకు చెబుతాడు. ఈ మాటలను పుష్యమి నక్షత్రం వచ్చిన ప్రతి రోజూ చదివి వినిపించాలి, నడుమ నడుమ కూడా వినిపించాలి, వినేవాడు ఒక్కడే ఉన్నా సరే వినిపించాలి అంటాడు. రెండో శాసనం సరిహద్దుల అవతల, తాను జయించని జనాల గురించి. మా విషయంలో రాజు మనసులో ఏముందో అని వాళ్ళు అనుకుంటూ ఉంటారు, నా వల్ల వాళ్ళకు భయం అక్కరలేదని, నా నుంచి సుఖమే గాని దుఃఖం రాదని వాళ్ళకు నమ్మకం కలిగేట్టు చేయండి అని.

ఒరియావాళ్ళు కదలకుండా విన్నారు. ఒకాయన జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు.

గొడుగు చేయి మారింది. తెలుగులో, "అమ్మగారూ, ఇది లక్క కోట. కౌరవులు పాండవులను కాల్చి చంపడానికి లక్క ఇల్లు కట్టించిన చోటు ఇదేనని చెబుతారు. పక్కనే గుప్తేశ్వరుడి గుడి ఉంది, దర్శనం చేసుకుని రండి. బస్సు పావుగంటలో కదులుతుంది" అని ముగించాడు. అశోకుడికి ఒక్క వాక్యం దక్కింది.

అమ్మ స్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పేది. ఆవిడకు ఒళ్ళు మండింది. "వాళ్ళకు చరిత్ర, మాకు పురాణమా బాబూ? తెలుగువాళ్ళకు అశోకుడు అరగడా?" అంది. గైడు బాబు చెయ్యి జోడించి, "తప్పుగా అనుకోకండి. మొదట్లో మీవాళ్ళకూ అన్నీ చెప్పేవాణ్ణి. గుడి ఎక్కడ, గుడి ఎక్కడ అని తొందర చేసేవారు. నలుగురు అడిగిందే చెప్పడం అలవాటైంది" అన్నాడు. అబద్ధం కాదు. అప్పటికే సగం తెలుగు బస్సు గుప్తేశ్వరుడి వైపు నడిచేసింది. నాయనమ్మ అందరికంటే ముందు.

అమ్మ మాత్రం అక్కడే ఆగి, పదకొండూ పన్నెండూ పదమూడూ ఎందుకు లేవని అడిగింది. ఆయన గొడుగు నేలకు ఆనించి కాసేపు ఆలోచించి, "పదమూడులో యుద్ధం గురించి ఉంది. ఇక్కడ అవసరం లేదని అనుకుని ఉంటాడు" అన్నాడు. ఏముందో చెప్పేలోపు డ్రైవరు హారను మోగించాడు.

పులిహోర చెట్టు కింద అయింది. అంతకు మించి దాని గురించి చెప్పడానికి లేదు, బాగుంది.

అక్కడినుంచి తిరిగి జాతీయ రహదారికి వచ్చి, అప్పట్లో అది ఐదో నంబరు, ఛత్రపురం దాటాం. దారి పొడుగునా చేలకు కంచెలుగా మొగలి పొదలు. గంజాం జిల్లా మొగలి అత్తరు దేశమంతా పోతుందని, ఈ తీరం ఇసుక నేలల్లో పూసే పువ్వుకు ఉన్న వాసన మరోచోట రాదని గైడు బాబు రెండు భాషల్లోనూ ఒకేలా చెప్పాడు. వ్యాపారం దగ్గర తేడా పెట్టలేదన్నమాట.

రుషికుల్య సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో గంజాం ఊరు. ఇప్పుడు చూస్తే ఈ ఊరి పేరు జిల్లాకు ఎందుకు పెట్టారా అనిపిస్తుంది. ఒకప్పుడు ఇదే రేవు, ఇదే జిల్లా కేంద్రం. ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక గంజాంకు మొదటి రెసిడెంటుగా వచ్చిన ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ 1768లో ఇక్కడ నక్షత్రం ఆకారంలో కోట మొదలుపెట్టాడు. పోటాగఢ అంటారు. 1815లో విషజ్వరాలు వచ్చి ఊరు ఊరంతా కుప్పకూలింది. బతికినవాళ్ళు వదిలిపోయారు, కచేరీలు తరలిపోయాయి, ఊరు మళ్ళీ లేవలేదు. మేము వెళ్ళేసరికి కోట గోడల మీద పొదలు, లోపల కూలిన ఇళ్ళ మొండి గోడలు, మేకలు. నక్షత్రం ఆకారం నేల మీద నిలబడినవాళ్ళకు కనబడదు. గైడు బాబు గొడుగు మొనతో ఇసుకలో గీసి చూపించాడు.

ఒరియాలో ఆ రోజు ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ మాటకు మాట గుర్తుందని అనలేను గాని, సారాంశం బాగా గుర్తుంది. తెల్లదొరలు కోట కట్టారు, కానీ దొర చేతికి కలం అందించింది మద్రాసు వైపు నుంచి వచ్చిన తెలుగు గుమాస్తాలు. కచేరీ భాష తెలుగయింది, బడి భాష తెలుగయింది. భూమి కాగితం మీద ఏం రాశారో తెలియక ఒరియా రైతు వేలిముద్ర వేశాడు. 1903లో కటకంలో మధుసూదన్ దాస్ ఒరియావాళ్ళ ప్రాంతాలన్నీ ఒకచోట చేరాలని ఉత్కళ సమ్మిళని పెట్టినప్పుడు గంజాంవాళ్ళు అంత ఉత్సాహంగా వెళ్ళింది అందుకే. ఈ కోట కూలడానికి జ్వరం చాలింది, ఆ గుమాస్తాల కోట కూలడానికి 1936 దాకా పట్టింది. ఇది చెబుతుంటే ఒరియావాళ్ళలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఒకాయన మా వైపు చూసి నవ్వు ఆపుకున్నాడు.

గొడుగు చేయి మారింది. తెలుగులో కాట్స్‌ఫర్డ్ దొర, నక్షత్రం, జ్వరాలు. గుమాస్తాలు లేరు.

మాకు ఒరియా రాదని ఆయన అనుకుని ఉండడు. బరంపురంలో ఆ మాట ఎవరూ అనుకోరు. ఒరియాలో చెప్పింది ఒరియావాళ్ళతో అన్నట్టు, తెలుగులో చెప్పింది తెలుగువాళ్ళతో అన్నట్టు, నడుమ మేము విన్నా విననట్టు ఉండడమే అక్కడి మర్యాద. ఆ మర్యాదలోనే మేమందరం పెరిగాం. పక్కింటివాళ్ళు మన గురించి అన్నమాట గోడ అవతలినుంచి వినిపించినా మర్నాడు కరివేపాకు అడగడానికి వెళ్ళడం ఆగదు.

నాయనమ్మ ఆ రోజు మర్యాద తప్పింది. మొండిగోడ మీద చతికిలబడి, చక్కటి ఒరియాలో, "మా నాన్న కూడా ఛత్రపురం కచేరీలో గుమాస్తాయే, బాబూ. నువ్వు చెప్పింది నిజమే. ఆయన లంచం పుచ్చుకోవడం నేను చూడలేదు గాని, రైతుతో ఒరియాలో మాట్లాడడం కూడా చూడలేదు. ఇదంతా తెలుగులో కూడా చెప్పు. మా వాళ్ళకూ తెలియాలి కదా" అంది.

గైడు బాబు కాసేపు గొడుగు పిడిని తుడుచుకున్నాడు. తర్వాత చెప్పాడు. ఒరియాలో చెప్పినంత పదునుగా కాదు, కానీ గుమాస్తాలనూ బడినీ వేలిముద్రనూ వదలకుండా తెలుగులో చెప్పాడు.

విజయనగరం పెద్దాయన కండువా మడత అప్పుడు చెదిరింది. బస్సు కదిలిన దగ్గరనుంచి ఆయనా, జౌగఢలో కాగితం మీద రాసుకున్న ఒరియా ఆయనా మొదలుపెట్టారు. బరంపురం జనంలో ఎవరెందరు, పట్టు నేసేవాళ్ళు ఎవరు, గుళ్ళు కట్టింది ఎవరు. ఒరిస్సా సరిహద్దులు తేల్చడానికి 1931లో వేసిన ఓడొనెల్ కమిటీ బరంపురాన్ని అటు ఇవ్వడం అన్యాయమని ఈయన. పర్లాకిమిడిని మొదట ఇవ్వనే లేదు, ఇచ్ఛాపురం, టెక్కలి, మందస అన్నీ అటే ఉంచేశారు, నష్టపోయింది మేమని ఆయన. మనది పోయిందని ఇద్దరూ బాధపడుతున్నారు, ఇద్దరి చేతుల్లోనూ ఒకే జిల్లా ఉంది. ఇద్దరి లెక్కలకూ ఆధారం 1931 జనాభా లెక్కలే. అవి తప్పని ఇద్దరూ ఒప్పుకున్నారు, ఎటువైపు తప్పు అన్నదే తగువు. నడుమ ఎవరో వి.వి.గిరి బరంపురంలోనే పుట్టారు కదా అన్నారు. ఆ మాట ఎవరి పక్షానికి బలమో తేలక ఇద్దరూ ఊరుకున్నారు. దారిలో రైలు గేటు పడింది. ఇద్దరూ దిగారు, ఒకే అగ్గిపుల్లతో ఈయన చుట్ట, ఆయన బీడీ వెలిగించుకున్నారు. గేటు తీశాక మళ్ళీ మొదలుపెట్టారు. హుమ్మా ఉప్పుమడుల దగ్గర తెల్లటి కుప్పలు వరసగా కనబడుతున్నా ఎవరూ వాటివైపు చూడలేదు, గైడు బాబు కూడా పాపం ఏమీ చెప్పలేదు.

రంభలో దిగాక నీళ్ళ గాలికి తల దిమ్ము వదిలింది. చిలికా అక్కడ సరస్సులా కాక కొండల నడుమ ఆగిపోయిన సముద్రంలా ఉంటుంది. వానాకాలంలో వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటి పరచుకుని, ఎండాకాలంలో తగ్గుతుంది. నదులు తెచ్చే మంచినీళ్ళూ, సముద్రం నుంచి వచ్చే ఉప్పునీళ్ళూ కలిసిన జలం. మన దేశంలో, చిత్తడి నేలలను కాపాడే రామ్‌సార్ ఒప్పందం కింద మొట్టమొదట గుర్తించిన రెండు చోట్లలో ఒకటి, 1981లో. భరత్‌పూర్ దగ్గరి కేవలాదేవ్ రెండోది. నల్లటి పడవల్లో ఎక్కించి కొంతదూరం తిప్పారు. నీళ్ళలో ఒక రాతిగుట్ట మీద శంకువులా ఒక స్తంభం. కలెక్టరు స్నాడ్‌గ్రాస్ కట్టించిందని, పైన దీపం పెట్టేవారని చెప్పారు. ఆయన రంభలో సరస్సు ఒడ్డున కట్టించుకున్న పెద్ద బంగళా అప్పటికీ ఉంది.

పక్షులు అసలు గుంపులుగా ఉండేది చిలికాలోని నలబణ దీవి వైపు. రంభ వైపు ఆ రోజు కనబడినవి దూరంగా నీళ్ళ మీద నల్లటి చుక్కలు. పడవవాడు తెడ్డుతో నీటిని చరిచాడు. చుక్కలన్నీ ఒక్కసారి లేచి, ఎండలో తిరగబడి తెల్లబడ్డాయి. తమ్ముడు గుండు సంగతి మరచిపోయి లేచి నిలబడ్డాడు, పడవ ఊగింది, అమ్మ చెవి మెలేసింది. పడవవాడు మాత్రం దిగులుగానే మాట్లాడాడు. సముద్రపు మొగ పూడుకుపోతోందని, ఉప్పు తగ్గి నాచు పెరుగుతోందని, చేపలు మునుపటిలా పడడం లేదని. నిజమే, ఆ తర్వాత పరిస్థితి ఇంకా దిగజారింది. 2000లో కొత్త మొగ తవ్వాక గాని చిలికా కోలుకోలేదు. ఇది గైడు చెప్పింది కాదు. పడవవాడు ఒరియాలో చెప్పాడు, తెలుగులో ఎవరూ చెప్పలేదు, నాయనమ్మ మాకు చెప్పింది.

తిరుగు ప్రయాణంలో అందరూ నిద్ర. నాయనమ్మ మిగిలిన ఆవకాయ సీసా గైడు బాబుకు ఇచ్చేసింది. ఆయన వద్దంటే, "గుమాస్తా కూతురి లంచం, పుచ్చుకో" అంది. బస్సులో మెలకువగా ఉన్నవాళ్ళందరూ నవ్వారు, విజయనగరం ఆయన తప్ప.

చాలా ఏళ్ళ తర్వాత ఉద్యోగం నన్ను గుత్తికి తీసుకుపోయింది. బరంపురం నుంచి గుత్తి అంటే తెలుగు నేలకు ఈ కొస నుంచి ఆ కొస. అక్కడినుంచి పత్తికొండ దారిలో కొద్ది దూరం పోతే ఎర్రగుడి. చిన్న గుట్ట, దాని మీద బండలు, బండల మీద అశోకుడు. జౌగఢలో చట్రంలోంచి చూసిన అదే బ్రాహ్మి లిపి. ఇక్కడ పద్నాలుగు శాసనాలూ ఉన్నాయి. అంటే గైడు బాబు చెప్పని, అశోకుడు కళింగలో చెప్పించని పదమూడూ ఉంది. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్ళకు కళింగను గెలిచాను. లక్షా యాభై వేల మందిని అక్కడినుంచి తరలించారు, లక్షమంది చనిపోయారు, దానికి ఎన్నో రెట్లు నశించారు. దేవానాంప్రియుడికి, అంటే తనకు, అందుకు పశ్చాత్తాపంగా ఉంది. అందులో వందో వంతు, వెయ్యో వంతు జరిగినా ఇప్పుడు బాధే. ఇదీ దాని సారం. ఎవరిని కొట్టాడో వాళ్ళ ఊళ్ళో తప్ప, మిగిలిన దేశానికి చెప్పుకున్నాడు. కొట్టినవాళ్ళ దగ్గర మాత్రం, మీరందరూ నా బిడ్డలు అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టవుతుందని వదిలేశాడని పండితులు కొందరు ఊహిస్తారు. పాలకుడి జాగ్రత్త అంటారు మరికొందరు. నాకైతే, ఆ చెక్కించిన అధికారులెవరో గొడుగు చేయి మార్చుకునే రకం అయి ఉంటారనిపించింది.

ఇంకో సంగతి. ఆ పదమూడో శాసనం చివరి భాగంలో తన ధర్మాన్ని పాటించే జనాల పేర్లు వరసగా చెబుతూ, పుళిందులతో కలిపి ఆంధ్రుల పేరు కూడా చెప్పాడు. తెలుగువాళ్ళ ప్రస్తావన ఉన్న శాసనం కళింగలో లేదు. విజయనగరం పెద్దాయనకు తెలిసి ఉంటే బస్సు రంభ దాకా వెళ్ళేది కాదు.

నాకు ఇంకా కొరుకుడు పడనిది మరొకటి. మేము పోటాగఢలో మేకలను తోలుకుంటూ తిరిగిన చోటికి దగ్గర్లోనే, రుషికుల్య మొగ పక్క ఇసుకలో, చలికాలం చివర లక్షల్లో సముద్రపు తాబేళ్ళు ఒకేసారి వచ్చి గుడ్లు పెట్టిపోతాయి. ఆలివ్ రిడ్లే జాతివి. శాస్త్రవేత్తలు అది గుర్తించింది 1994లో. అంటే మేము వెళ్ళిన నాటికి పుస్తకాల్లో లేదు, గైడు బాబు రెండు భాషల్లోనూ లేదు. కానీ ఆ తీరంలో పొడంపేట లాంటి పల్లెల్లో తరతరాలుగా ఉన్న జాలరులకు ఇది కొత్త కాదు కదా. వాళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్ళను అడిగే పని ఎవరూ పెట్టుకోలేదు, మేమూ పెట్టుకోలేదు.

ఇప్పుడు తారాతారిణికి రోప్‌వే వచ్చింది, మెట్లు లెక్కపెట్టేవాళ్ళు తగ్గి ఉంటారు. చంద్రగిరి దగ్గర జిరంగలో 2010లో దలైలామా ప్రారంభించిన పెద్ద బౌద్ధ విహారం వచ్చాక ఆ వైపు బస్సులకు గిరాకీ ఇంకా పెరిగింది. ఐదో నంబరు రహదారి పదహారో నంబరయింది, ఒరిస్సా ఒడిశా అయింది. ఈ మధ్య మా తమ్ముడితో ఫోనులో గైడు బాబు లెక్కలు వేయడం మొదలుపెట్టాం. ఆయన ఒరియాలో చెప్పి తెలుగులో మింగేసినవి ఇంకేమున్నాయి అని. నా జాబితాలో సాధబల నావలు, సమాపా, గుమాస్తాలు. వాడేమో గుమాస్తాల సంగతి ఆయన మొదట చెప్పిందే తెలుగులో అనీ, నాయనమ్మ ఒరియాలో తిరిగి చెప్పించిందనీ పట్టుబడతాడు. వాడికి అప్పుడు పదేళ్ళు, పైగా గుండు మండుతూ ఉంది. నేను ఒప్పుకోను.